దగ్గరి తీరం, దూరపు తీరం: పొరుగుసేవల ఎంపికలో 'దూరం' – పశ్చిమ ప్రకాశం నుండి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక సంస్థ తన పనిని బయటివారికి అప్పగించదలచినప్పుడు సమీప దేశాన్ని ఎంచుకోవాలా, సుదూర దేశాన్ని ఎంచుకోవాలా అన్నది వాణిజ్యశాస్త్రంలో తరచుగా చర్చకు వచ్చే అంశం. మొదటిదాన్ని నియర్‌షోర్ అనీ, రెండవదాన్ని ఆఫ్‌షోర్ అనీ వ్యవహరిస్తున్నారు. ఈ ఎంపికను సాధారణంగా వేతనాల తేడాతోనూ మైళ్లతోనూ లెక్కకడతారు. అప్పగించే పనిలో ఎంత భాగాన్ని ముందుగా రాతలో పెట్టగలమన్నదే అసలైన దూరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మార్కాపురం పలక, తొలినాటి తెలుగు అచ్చుపుస్తకాలు, హైదరాబాదు సాఫ్ట్‌వేర్ పరిశ్రమ, బాగేపల్లి గ్రామీణ సేవాకేంద్రం, సిద్ధాంతగ్రంథాల టైపింగు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: పొరుగుసేవలు, నియర్‌షోర్, ఆఫ్‌షోర్, మార్కాపురం పలక, పారిభాషిక పదాలు, హైదరాబాదు, బాగేపల్లి, యూనికోడ్.

1. ప్రవేశిక

డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకు పారిభాషిక పదాల అనువాదం గురించి పాఠం చెబుతూ ఒకసారి 'అవుట్‌సోర్సింగ్'కు తెలుగు అడిగాను. తరగతి మొత్తం 'పొరుగుసేవలు' అంది. పత్రికలు ఆ మాటను అంతగా అలవాటు చేశాయి. సొంతవాక్యంలో ప్రయోగించమన్నప్పుడు మాత్రం చిక్కు బయటపడింది. "మా నాన్న మున్సిపాలిటీలో పొరుగుసేవల కింద పనిచేస్తున్నాడు" అని ఒక అబ్బాయి రాశాడు. "మా అక్క హైదరాబాదులో పొరుగుసేవల కంపెనీలో రాత్రి డ్యూటీ చేస్తుంది" అని గిద్దలూరు వైపు నుండి వచ్చే అమ్మాయి రాసింది. రెండు వాక్యాలూ వ్యాకరణరీత్యా నిర్దుష్టం. రెండింటిలోనూ మాట ఒక్కటే. కానీ తండ్రి ఊడ్చే వీధి ఎక్కడికీ పోలేదు, జీతమిచ్చే చెయ్యి మారింది. అక్క చేసే పని మాత్రం సముద్రాలు దాటి వచ్చింది.

ఆ అమ్మాయి తర్వాత స్టాఫ్‌రూముకు వచ్చి మరో ప్రశ్న అడిగింది. అక్క కంపెనీలో కొంత పనిని మెక్సికోకు తరలిస్తున్నారట, అక్కడ జీతాలు ఇక్కడికంటే ఎక్కువేనట, మరి ఎందుకు తరలిస్తున్నారు అని. తెలుగు అధ్యాపకుణ్ణి అడగవలసిన ప్రశ్న కాదని చెప్పి పంపించవచ్చు. కామర్స్ శాఖలోని మిత్రుణ్ణి అడిగితే ఖర్చులు, కాలమండలాలు, నష్టభయం అని మూడు మాటల్లో చెప్పాడు. అవి నిజమే. అయితే ఆ మూడింటి వెనుకా భాషకు సంబంధించిన విషయం ఒకటి ఉన్నదని నాకు అనిపించింది. దానిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. మాటలు – అర్థాలు

పనిని అప్పగించడంలో రెండు ప్రశ్నలుంటాయి. పని ఎవరు చేస్తారు? ఎక్కడ చేస్తారు? ఈ రెండూ వేర్వేరు. మొదటిదానికి జవాబు మారితే అది అవుట్‌సోర్సింగ్. రెండవదానికి జవాబు దేశం దాటితే అది ఆఫ్‌షోరింగ్. మున్సిపాలిటీ పారిశుద్ధ్యంలో మొదటిది మాత్రమే మారింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇలాంటి సిబ్బంది కోసం 2020లో ఆప్కాస్ అనే ప్రత్యేక సంస్థను ప్రారంభించిన తర్వాత 'అవుట్‌సోర్సింగ్' అన్నది మన వాడుకలో దాదాపుగా ఉద్యోగభద్రత లేని కొలువుకు పర్యాయపదమైంది. మైక్రోసాఫ్ట్ సంస్థ 1998లో హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రాన్ని ప్రారంభించినప్పుడు రెండవది మాత్రమే మారింది. పని దేశం దాటింది గాని సంస్థ చేయి దాటలేదు. అమెరికాలోని జాన్ డీర్ సంస్థ 1991లో సత్యం కంప్యూటర్స్‌కు సాఫ్ట్‌వేర్ పని అప్పగించినప్పుడు రెండూ మారాయి. (ఆ ఆకుపచ్చ ట్రాక్టర్లే ఇప్పుడు మన మిరపచేలను దున్నుతున్నాయి. పని అటునుండి వచ్చింది, యంత్రమూ అటు పేరుతోనే వచ్చింది.)

'షోర్' అంటే ఒడ్డు, తీరం. ఆఫ్‌షోర్ అంటే తీరానికి దూరంగా ఉన్నది. నియర్‌షోర్ అంటే తీరానికి చేరువలో ఉన్నది. ఈ రెండూ స్థలాల పేర్లు కావు, సంబంధాల పేర్లు. అమెరికా సంస్థకు మెక్సికో నియర్‌షోర్, జర్మనీ సంస్థకు పోలండు నియర్‌షోర్. జర్మనీ సంస్థకు మెక్సికో నియర్‌షోర్ కాదు. హైదరాబాదు ఈ ఇద్దరికీ దూరపు తీరమే. 'పొరుగుసేవలు' అనే మన అనువాదంలో ఈ తేడాకు చోటు లేదు. పైగా పొరుగు అంటే గోడ అవతలి ఇల్లు. పది గంటల కాలవ్యత్యాసం ఉన్న దేశానికి చేసే పనిని పొరుగుసేవ అనడంలో ఎంత ఆత్మీయత ఉన్నదో అంత అస్పష్టత ఉన్నది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత ఈ అనువాదకర్తకు గుర్తుండి ఉంటుందా అని నాకొక చిన్న అనుమానం.

పశ్చిమ ప్రకాశానికి తీరం లేదు. జిల్లాకు సముద్రం ఉన్నది తూర్పున, కొత్తపట్నం వైపు. కర్నూలు జిల్లా నుండి విడివడి 1970లో కొత్త జిల్లాలో చేరిన మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాల వారికి ఎల్ల అంటే నల్లమల. నందికనుమ దాటితే నంద్యాల. అందుకే ఆ తరగతిలో ఒక విద్యార్థి 'కనుమ ఈవలి సేవ, కనుమ ఆవలి సేవ' అని సూచించాడు. నవ్వులాటగా అన్నాడో నిజంగానే అన్నాడో తెలియదు గాని, ఒడ్డు చూడని ఊరికి అదే సహజమైన మాట. శాస్త్రచర్చలో అందరికీ తెలియాలి గనుక ఈ వ్యాసంలో 'దగ్గరి తీరం', 'దూరపు తీరం' అనే వాడుతున్నాను.

3. పలక ప్రయాణం

మార్కాపురం పేరు చెబితే ఒక తరం తెలుగువారికి బడిపలక గుర్తుకు వస్తుంది. భూగర్భశాస్త్రజ్ఞులు కడప శిలాసముదాయంలో ఒక పొరకు కంభం పేరే పెట్టారు. ఆ పొరలోని రాయి ఆకులు ఆకులుగా విడుతుంది. గనిలో నుండి తీసిన దిమ్మను పలుచని రేకులుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చుట్టూ చెక్క చట్రం బిగిస్తే పలక. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, బడిపలకకు కావలసిన వివరమంతా ఒక ఉత్తరంలో ఇమిడిపోతుంది. ఇంత పొడవు, ఇంత వెడల్పు, ఇన్ని గుత్తులు. ఎక్కడో ఉత్తరాదిన ఉన్న వ్యాపారి మార్కాపురాన్ని కంటితో చూడకుండానే సరుకు తెప్పించుకోగలడు. పలక వచ్చిన తర్వాత అది పలకో కాదో తెలుసుకోవడానికి ఒక బలపం చాలు.

ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చిన తర్వాత బడిపలక గిరాకీ పడిపోయింది. పరిశ్రమ క్రమంగా గోడలకు, నేలకు, పైకప్పుకు వేసే రాతిపలకల వైపు మళ్లి ఎగుమతుల మీద ఆధారపడింది. రాయి అమ్మడమూ పనిని అప్పగించడమూ ఒకటి కాదని ఎవరైనా ఆక్షేపించవచ్చు. అంగీకరిస్తాను. అయితే కొనేవాడు చెప్పిన కొలతకు, చెప్పిన అంచుకు, చెప్పిన మందానికి ఇక్కడ కోయించి పంపుతున్నప్పుడు ఆ కోత అతని పనే, ఇక్కడివారి చేతుల మీదుగా జరుగుతున్నది. ఆ మేరకు పోలిక నిలుస్తుంది.

ఐరోపాలో ఇల్లు కట్టేవానికి పైకప్పు పలక కావాలంటే స్పెయిన్ దగ్గరి తీరం. పైకప్పు పలకల ఉత్పత్తిలో ఆ దేశానిదే అగ్రస్థానం. బ్రిటన్‌వానికైతే వేల్స్ సొంత ఇల్లే. బ్రెజిల్, చైనా, భారతదేశం దూరపు తీరాలు. దూరం నుండి కొనేవానికి ధైర్యాన్నిచ్చేది రాత. పైకప్పు పలకలకు ఐరోపాలో ఈఎన్ 12326 అనే ప్రమాణం ఉన్నది. నీరు ఎంత పీల్చుకుంటుంది, ఎంత బరువుకు విరుగుతుంది, వేడికీ తడికీ తుప్పుమచ్చలు తేలుతాయా, సున్నపు పదార్థం ఎంత ఉన్నది అని అది అడుగుతుంది. ఆ ప్రశ్నలన్నిటికీ అంకెల్లో జవాబు చెప్పగల రాయి ఎంత దూరం నుండైనా వెళ్లగలదు. కానీ రంగు అలా కాదు. ఒకే గనిలో ఒక పొర నలుపు, మరొక పొర ఆకుపచ్చ డాలు. 'నలుపు' అన్న మాట కాగితం మీద ఒకటే, రాతి మీద పది. కొత్తగా కట్టే పెద్ద భవనానికి వేల పలకలు కావలసినవాడు ఈ తేడాను ఓర్చుకుంటాడు, దూరం నుండి తెప్పించుకుంటాడు. వందేళ్ల నాటి ఇంటికప్పులో విరిగిన నలభై పలకలకు జోడు వెతుక్కునేవాడు చేతిలో పాతపలక పట్టుకుని దగ్గరి గనికి పోక తప్పదు. అతనికి ధరల పట్టిక అక్కరకు రాదు.

దూరపు కొండలు నునుపన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. ధరల పట్టికలో కనిపించని ఖర్చులు దారిలో ఎదురవుతాయి. 2023 చివరి నుండి ఎర్రసముద్రంలో ఓడల మీద దాడులు మొదలైనప్పుడు అనేక నౌకలు సూయెజ్ కాలువను వదిలి ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టివెళ్లాయి. ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. రాయికి వయసు మీరేది లేదు గాని, మేస్త్రీలను పిలిపించి పెట్టుకున్న యజమానికి రోజులు డబ్బే.

దారిఖర్చుకంటే బరువైన మరొక లెక్క ఉన్నది. దూరం నుండి కొనేవాడు రాయిని పరీక్షిస్తాడు, దానిని కోసిన చేతిని చూడడు. 1986లో బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం వచ్చింది. బలపాల తయారీ ప్రమాదకరమైన పనుల జాబితాలో చేరింది. 1988లో కేంద్రప్రభుత్వం జాతీయ బాలకార్మిక పథకాన్ని మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో ఎంచుకున్న కొద్ది ప్రాంతాలలో శివకాశి, ఫిరోజాబాద్, మంద్‌సౌర్‌లతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉన్నది. పిల్లలు రాసుకునే పలకను, బడికి వెళ్లని పిల్లలు తయారుచేస్తున్నారన్న సంగతి కొలతల కాగితంలో ఎక్కడా లేదు. ఇరవై మైళ్ల దూరంలో ఉన్న కొనుగోలుదారుడు కూడా కళ్లు మూసుకోవచ్చు, దగ్గరితనం దానంతటదే నీతిని తేదు. అయితే దగ్గరివాడు చూడకుండా ఉండడానికి ప్రయత్నించాలి. దూరపువాడు చూడడానికి ప్రయత్నించాలి. ఆఫ్‌షోర్ ఒప్పందంలో తనిఖీ ఖర్చును విడిగా రాసుకోవలసిన అవసరం ఇక్కడే పుడుతుంది.

4. హాలె, సెరంపూర్, కడప

ఈ సమస్య తెలుగు సాహిత్యచరిత్రకు కొత్త కాదు. మద్రాసులో మతప్రచారం చేసి స్వదేశానికి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తొలి తెలుగు అచ్చుపుస్తకాలుగా మనం చెప్పుకునేవి అవే. తెలుగు పాఠకుని వైపు నుండి చూస్తే ఇంతకంటే దూరపు తీరం లేదు. అక్కడి అచ్చుపనివారికి తెలుగు రాదు. అక్షరం మీద అనుమానం వస్తే అడగడానికి తెలుగు ఊరు సముద్రాల అవతల ఉన్నది. ఆ తర్వాత బెంగాలులోని సెరంపూర్ వచ్చింది. అక్కడ 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడ్డాయి. దూరం తగ్గింది, కానీ ఊరు ఇంకా తెలుగుది కాదు. పని మద్రాసుకు చేరిన తర్వాతనే తెలుగు ముద్రణ నిలదొక్కుకుంది.

సి.పి. బ్రౌన్ చేసిన ఏర్పాటు ఈ చర్చకు మరింత దగ్గరగా వస్తుంది. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ అక్కడ తన బంగళాలో పండితులను, లేఖకులను సొంత జీతాలిచ్చి పెట్టుకున్నాడు. తాళపత్రప్రతులను పోల్చడం, పాఠాంతరాలను తేల్చడం వారి పని. పుస్తకాలు మాత్రం మద్రాసులో అచ్చయ్యాయి. 1829లో వేమన పద్యాలు, 1852 నుండి నిఘంటువులు అలాగే వచ్చాయి. ఒకే పద్యానికి నాలుగు ప్రతులలో నాలుగు పాఠాలుంటే ఏది నిలపాలన్నది ఉత్తరంలో ఆదేశించగల పని కాదు. ఎదురెదురుగా కూర్చుని చదివి, వాదించి, ఒప్పించి తేల్చవలసినది. తేలిన పాఠాన్ని శుద్ధప్రతిగా రాసిన తర్వాత దానిని అచ్చుకు ఎంత దూరమైనా పంపవచ్చు. బ్రౌన్ ఏ వాణిజ్యశాస్త్రమూ చదివి ఈ విభజన చేయలేదు. మాట్లాడుకోవలసిన పనిని ఇంట్లో ఉంచుకుని, మాట ముగిసిన పనిని బయటికి పంపాడు.

5. హైదరాబాదు పగలు, అమెరికా రాత్రి

1990ల చివర హైదరాబాదుకు వెల్లువెత్తిన పనిని చూస్తే ఇదే సూత్రం కనిపిస్తుంది. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెలతో రాశారు. 2000 వచ్చేసరికి యంత్రం దానిని 1900గా పొరబడే ప్రమాదం ఉన్నది. లక్షల వరుసలలో తేదీ ఉన్న చోటల్లా వెతికి సరిదిద్దాలి. విసుగెత్తించే పని, కానీ సందేహం లేని పని. ఏం చేయాలో ముందే పూర్తిగా చెప్పవచ్చు, చేసింది సరిగా ఉన్నదో లేదో పరీక్షించవచ్చు. అమీర్‌పేటలో కొద్ది నెలల కోర్సు చేసిన మన ప్రాంతపు కుర్రవాళ్లు కూడా ఆ పనిలోకి వెళ్లగలిగారు. అదే కాలంలో అమెరికా వైద్యుల మాటలను విని టైపు చేసే కేంద్రాలు వచ్చాయి. అక్కడి వైద్యుడు సాయంత్రం రికార్డు చేసి నిద్రపోతే ఇక్కడ పగలు టైపు చేసి అతను లేచేసరికి అందించేవారు. అప్పుడు పది గంటల తేడా లోపం కాదు, సౌకర్యం.

అదే తేడా మరొక రకం పనికి గుదిబండ అవుతుంది. చలికాలంలో న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలైనప్పుడు హైదరాబాదులో సాయంత్రం 7:30. మెక్సికోలోని మాంటెర్రేలో ఉదయం 8. ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో 11. ఏం కావాలో కొనేవానికే స్పష్టంగా తెలియని పని ఉంటుంది. చేసి చూపిస్తే తప్ప అతనికి నచ్చలేదని తెలియదు. ఇలాంటి పనిలో రోజుకు పదిసార్లు అడగాలి. హైదరాబాదులో కూర్చున్నవాడు సాయంత్రం ఒక ప్రశ్న పంపి జవాబు కోసం మరునాటి దాకా ఆగితే, రెండు వారాల పనికి రెండు నెలలు పడుతుంది. ఆగకుండా ఉండాలంటే రాత్రంతా మేలుకోవాలి. గిద్దలూరు అమ్మాయి అక్క చేస్తున్నది అదే. మాంటెర్రేలో జీతం ఎక్కువైనా, అడిగిన గంటలోనే జవాబు దొరకడం వల్ల ఆదా అయ్యే రోజుల విలువ ఆ ఎక్కువ జీతాన్ని మించితే పని అటు పోతుంది. స్టాఫ్‌రూములో అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంతే.

భారతీయ సంస్థలు ఈ విషయాన్ని చాలా ముందే గ్రహించాయి. టీసీఎస్ 2002లోనే మాంటెవిడియోలో కేంద్రం తెరిచింది. ఇన్ఫోసిస్ 2007లో మాంటెర్రేకు వెళ్లింది. అంటే దూరపు తీరంవాడే కొనుగోలుదారుని దగ్గరి తీరంలో ఇల్లు కట్టుకున్నాడు. అంతకుముందు కూడా దూరం ఎప్పుడూ పూర్తిగా దూరం కాదు. ప్రతి పెద్ద ఒప్పందంలోనూ కొందరు తెలుగువాళ్లు అమెరికాలో కొనుగోలుదారుని ఆఫీసులోనే కూర్చునేవారు. ఆన్‌సైట్ అని పిలిచే ఆ మనిషి పని ఏమిటి? కాగితంలో రాయనిదాన్ని నోటితో విని, హైదరాబాదుకు అర్థమయ్యేలా రాసి పంపడం. రాతకు లొంగని భాగానికి చెల్లించే వెల ఆ మనిషి జీతం. గంటకు ఎంత అని మాత్రమే అడిగి హైదరాబాదును ఎంచుకున్నవాడు ఆ జీతాన్ని లెక్కలో వేసుకోడు. తర్వాత ఆశ్చర్యపోతాడు.

పని నేర్పడానికి పట్టే నెలలు, నేర్చినవాడు ఉద్యోగం మారితే మళ్లీ నేర్పడం, తప్పును సరిదిద్దడం, రాకపోకలు – ఇవన్నీ ఆ కోవలోనివే. అప్పగించినవారి ఖాతాపుస్తకాలు నమ్మదగినవా అన్న ప్రశ్న వేరు. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడిన తర్వాత ఆ ప్రశ్న తప్పనిసరైంది. అయితే ఆ మోసం హైదరాబాదులో ఉన్నవారికి కూడా అప్పటిదాకా కనిపించలేదు. దానికి దూరాన్ని నిందించలేం.

మా విద్యార్థుల పరంగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది వేరే ఉన్నది. పూర్తిగా రాతలో పెట్టగల పని దూరం పోతుందన్నాం. అది అక్కడ ఆగదు. వైద్యుని మాటను టైపు చేసే పనిలో అధికభాగాన్ని ఇప్పుడు మాటను గుర్తించే సాఫ్ట్‌వేరు చేస్తున్నది. ముందుగా అన్నీ చెప్పగలిగితే మనిషికి చెప్పినా యంత్రానికి చెప్పినా ఒకటే. హైదరాబాదుకు మొదట ఏ గుణం వల్ల పని వచ్చిందో, ఆ గుణం వల్లనే అది పోతున్నది. అందుచేత మాంటెర్రేతో పోటీ పడేది జీతంలో కాదు, అడిగి తెలుసుకునే నేర్పులో. మన డిగ్రీ తరగతులలో ఆ నేర్పుకు ఏ పేపరూ లేదు.

6. బాగేపల్లి దాకా వచ్చిన పని

పని సముద్రం దాటి హైదరాబాదుకు వచ్చినప్పుడు, కొండ దాటి గిద్దలూరుకు ఎందుకు రాదు? మన ప్రాంతంలో జరిగేది దీనికి వ్యతిరేకం. పని రాదు, మనుషులే పనికి పోతారు. వానలు లేని సంవత్సరాలలో మేస్త్రీల వెంట హైదరాబాదుకూ బెంగళూరుకూ కట్టడం పనులకు వెళ్లే కుటుంబాలు ఈ మండలాలన్నిటిలోనూ ఉన్నాయి.

పనిని పల్లెకు తెచ్చిన ప్రయత్నాలు లేకపోలేదు. సత్యం వ్యవస్థాపకుల కుటుంబానికి చెందిన బైర్రాజు ఫౌండేషన్ గోదావరి జిల్లాల గ్రామాలలో గ్రామ్‌ఐటీ పేరిట సేవాకేంద్రాలు నడిపింది. 2008లో బెంగళూరులో మొదలైన రూరల్‌షోర్స్ అనే సంస్థ తొలి కేంద్రాన్ని బాగేపల్లిలో పెట్టింది. ఆ పేరులోనే తీరం ఉన్నది, ఆ ఊరికీ తీరం లేదు. కర్ణాటకలో ఉన్నా బాగేపల్లి వీధుల్లో వినిపించేది తెలుగే. దరఖాస్తులలోని వివరాలను కంప్యూటరులోకి ఎక్కించడం వంటి పనులను ఇంటి దగ్గర ఉండే పిల్లలు చేయగలరని అది చూపింది. జీతం నగరంకంటే తక్కువ, కానీ అద్దె లేదు, హాస్టలు లేదు, ఉద్యోగం మానేసి పోయేవారు తక్కువ.

బాగేపల్లికి ఉన్న అనుకూలతను పరిశీలించాలి. బెంగళూరు-హైదరాబాదు రహదారి మీద, బెంగళూరుకు సుమారు వంద కిలోమీటర్లలో ఉన్నది. పని ఇచ్చినవాడు ఉదయం బయలుదేరి వచ్చి, మాట్లాడి, సాయంత్రానికి ఇంటికి పోవచ్చు. మార్కాపురానికి హైదరాబాదు నుండి రాత్రి బస్సు ఎక్కాలి. దేశం లోపల కూడా దగ్గరి తీరం, దూరపు తీరం ఉంటాయి. వాటిని కొలిచేది ఒక్క పగటిలో పోయి రాగలమా అన్న లెక్క. ఇంటర్నెట్ తీగ వచ్చినంత మాత్రాన ఈ లెక్క మారదు, కొత్త పనిని నేర్పే మొదటి నెలల్లో మనిషి రావాలి గనుక. గిద్దలూరుకు పని రావాలని కోరేవారు రహదారి, విద్యుత్తు గురించి అడుగుతున్నారు. మొదటి ఆరు నెలలు ఇక్కడ ఉండి నేర్పే పదిమంది గురించి అడగడం లేదు. అది కూడా అడగవలసినదే.

7. సిద్ధాంతగ్రంథం – ఒక అనుభవం

ఈ వ్యాసం చదివే పరిశోధకులలో చాలామంది తెలియకుండానే ఈ ఎంపిక చేసి ఉంటారు. గ్రంథాన్ని ఎక్కడ టైపు చేయించాలి? నాది పశ్చిమ ప్రకాశం మాండలికం మీద చేసిన పరిశోధన. చేతిరాత ప్రతిలో దాదాపు మూడోవంతు క్షేత్రపర్యటనలో సేకరించిన సంభాషణలు. పేజీకి ధర తక్కువని, వారంలో ఇస్తామన్నారని ఒక దూరనగరంలోని టైపింగు కేంద్రానికి మొదటి రెండు అధ్యాయాలు పంపాను. వారంలోనే వచ్చాయి. అక్షరదోషాలు చాలా తక్కువ. కానీ 'యాడికి' అన్న చోటల్లా 'ఎక్కడికి' అని ఉన్నది. టైపు చేసిన మనిషి శ్రద్ధగలవాడు. నేను తప్పు రాశాననుకుని సరిదిద్దాడు. నేను ఇచ్చిన కాగితంలో పేజీ కొలత, అక్షరం సైజు, అంచులు అన్నీ రాశాను. మాండలికాన్ని మార్చవద్దని రాయలేదు. అది రాయవలసిన సంగతి అని నాకు తోచలేదు, నా చుట్టూ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు గనుక. తప్పు అతనిదని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

మిగిలిన అధ్యాయాలను మార్కాపురంలోనే బస్టాండు దగ్గరి డీటీపీ సెంటరులో చేయించాను. అక్కడి ఆపరేటరు మా సంభాషణలు టైపు చేస్తూ నవ్వుకునేవాడు. ఒకచోట "సార్, ఈ మాట మా అవ్వ ఇట్లా అనదు" అని నా ప్రతిని ఆపాడు. రికార్డింగు మళ్లీ వింటే అతనిదే సరి. అంత ధరకు అంతటి పరిష్కర్త ఏ తీరంలోనూ దొరకడు. అయితే అతను చేసింది అను ఫాంట్లలో. విశ్వవిద్యాలయం ప్రతి అచ్చులో తీసుకుంది గనుక సరిపోయింది. తర్వాత ఈ-పత్రికలకు వ్యాసాలు పంపవలసి వచ్చినప్పుడు యూనికోడ్ కావాలన్నారు. మార్పిడి చేస్తే ఒత్తులు చెదిరిపోయాయి. ఆ పని మా ఊరి సెంటరులో ఎవరికీ రాదు.

ఇప్పుడు నా దగ్గర పరిశోధన చేసే విద్యార్థులకు ఇలా చెబుతున్నాను. సేకరించిన సంభాషణలు, పాఠాంతరాలు, స్థలనామాలు ఉన్న పేజీలను ఇక్కడే, పక్కన కూర్చుని టైపు చేయించండి. అది ఖాయమైన తర్వాత యూనికోడ్ మార్పిడి, పేజీల అమరిక, పదసూచి కోసం ఎక్కడ నైపుణ్యం ఉంటే అక్కడికి పంపండి. పంపేటప్పుడు దానితోపాటు ఒక కాగితం జతచేయండి. నా ఫైలులో ఉన్న కాగితం ఇప్పటికి పేజీన్నర అయింది. మొదటి వాక్యం: "ఈ కింది మాటలను తప్పులుగా భావించి మార్చవద్దు." దాని కింద యాడ, యాడికి, ఆడికి, ఈడికి అంటూ మొదలై నూటికి పైగా మాటలున్నాయి. ప్రతి గ్రంథం తర్వాత ఆ పట్టికకు నాలుగైదు కొత్త మాటలు చేరుతూనే ఉన్నాయి.